తీతువు పెట్టిన నాలుగు గుడ్లు

పోయిన శుక్రవారం సాయంత్రం దుబాయ్ కరామాలో మా ఫ్లాటుకి దగ్గర్లో ఉన్న పార్కులో కూర్చుని ఉంటే, గడ్డిలోంచి ఒక పిట్ట గొంతు చించుకుని అరిచింది. నాతో గది పంచుకునే పాలకొల్లు అమ్మాయి వెంటనే ఫోను దాని వైపు చాపింది. ఈ రోజుల్లో ఫోనే కూత విని పిట్ట పేరు చెప్పేస్తుందట. అది చెప్పేలోపే నేను చెప్పేశాను, తీతువని. మన వయసువాళ్ళకి ఆ అరుపు చెవిన పడితే చాలు, ఎవరింటికి చావు కబురు తెచ్చిందోనని అమ్మమ్మలు గుండె మీద చెయ్యి వేసుకోవడం గుర్తొస్తుంది. ఆ అమ్మాయికి మాత్రం అదొక అందమైన పిట్ట, అంతే.

ఆ అరుపు నన్ను వదలకపోవడానికి వేరే కారణం ఉంది. ఐదారేళ్ళ కిందటి మాట. కరోనా వచ్చి దుబాయ్ అంతా తలుపులు బిగించుకున్న ఆ ఏప్రిల్‌లో నేను జుమేరాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషిని. ఇంటి పెద్దావిడని ఇక్కడి అలవాటు ప్రకారం మామా అని పిలిచేదాన్ని. గుండెజబ్బు మనిషి కావడంతో కన్నకొడుకులు కూడా గేటు బయటి నుంచే పలకరించి పోయేవారు. ఆవిడకి మిగిలిన కాలక్షేపమల్లా తోట. పొద్దున్నే వరండాలో ఆవిడకి కుర్చీ వేసి, నేను మాస్కు కట్టుకుని దూరంగా మెట్టు మీద కూర్చునేదాన్ని. పిట్ట వాలితే ముందు ఆవిడ అరబ్బీలో పేరు చెప్పాలి, తర్వాత నేను తెలుగులో చెప్పాలి. తల మీద కుచ్చుతో గడ్డిలో పొడుచుకు తినేదాన్ని ఆవిడ హుద్‌హుద్ అంటే, నేను ధీమాగా వడ్రంగిపిట్ట అన్నాను. వారం రోజులు చూసినా అది ఒక్క చెట్టుకీ చిల్లు పెట్టకపోయేసరికి ఆవిడ నన్ను ఆటపట్టించి పకపకా నవ్వింది. గోరింకలు, పిగిలిపిట్టలు, మందారంలో ముక్కు దూర్చే నల్లటి తేనెపిట్ట, ఇలా చాయ్ తాగేంతసేపు అనుకున్నది గంటయ్యేది. రంగొక్కటే కాదు, ముక్కు చూడు, నడక చూడు, తోక ఎలా ఆడిస్తుందో చూడు అని చూడటం నేర్పింది ఆవిడే.

ఒక ఉదయం పొడవాటి పసుపు కాళ్ళు, నల్లటి మెడ, కంటి ముందు ఎర్రటి తోలుముక్కతో తీతువు వచ్చి వాలింది. మామా తెగ ముచ్చటపడి, తనకొచ్చిన హిందీలో "తుమారా గావ్ మే ఇస్కో క్యా బోల్తా?" అని అడిగింది. మా ఊళ్ళో దీన్ని ఏమంటారో తెలియదన్నాను. ఆవిడతో నేనాడిన మొదటి అబద్ధం అది.

ఎందుకంటే అంతకుముందు రోజే, షార్జాలో ఇంకో ఇంట్లో పనిచేసే మా చెల్లెల్ని జ్వరంతో ఆసుపత్రికి తీసుకుపోయారు. నాకు భయం, రానక్కా అన్నదాన్ని, నేనున్నాను కదా అని బతిమాలి, వీసా తీయించి తెచ్చింది నేనే. ఆక్సిజన్ పెట్టారని దాని యజమానురాలు ఒక్కమాట చెప్పింది. ఆ తర్వాత మూడు రోజులు ఏ కబురూ లేదు. తీతువు మాత్రం మూడు రోజులూ ఇంటి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. నేను తోటలో అడుగుపెడితే మరీ రెచ్చిపోయేది. నాకే చెబుతోందనుకున్నాను. అన్నం సహించలేదు, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

దాని గోలకి కారణం మామాయే కనిపెట్టింది. ఖర్జూరం చెట్టు మొదట్లో గులకరాళ్ళ మధ్య, రాళ్ళలాగే కలిసిపోయిన నాలుగు మచ్చల గుడ్లు. పిల్లలు అయ్యేదాకా అటు ఎవరూ పోకూడదని ఆజ్ఞ కూడా వేసింది. మరి కారణం తెలిశాక భయం దేనికని మీరడగొచ్చు. బుద్ధికి తెలిసింది గానీ భయానికి తెలియలేదు. గుడ్లుంటే ఆ పిట్ట ఇంకో నెల ఇక్కడే ఉంటుంది, నెలంతా అరుస్తుంది, అన్నాళ్ళు నా చెల్లెలు ఉంటుందా అన్నదొక్కటే నా లెక్క.

మర్నాడు మధ్యాహ్నం నమాజు చేసుకుని మామా పడుకోగానే తోటలోకి వెళ్ళాను. పిట్ట నా తలమీదికి దూకింది, రెక్క చెవికి తగిలింది. నాలుగు గుడ్లూ తీసి చున్నీ చెంగులో వేసుకున్నాను, వెచ్చగా ఉన్నాయి. అప్పుడది అరుపు ఆపి, నా ముందు నేల మీద వాలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ గోడ వైపు పోసాగింది. నన్ను గూటి నుంచి దూరంగా మళ్ళించాలని దాని తాపత్రయం. గుడ్లు అప్పటికే నా ఒడిలో ఉన్నాయని పాపం దానికి తెలియదు. అక్కడే ఆగిపోదామనుకున్నాను, ఒట్టు. అంతలో మళ్ళీ గొంతెత్తింది, నా కాళ్ళు గేటు దాటేశాయి. వీధి చివర చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, వచ్చి చపాతీ పిండి కలిపాను.

సాయంత్రం మామా ఆ ఖాళీ రాళ్ళ వైపు చాలాసేపు చూసింది. పిల్లి తినేసి ఉంటుందని నేనే అన్నాను. ఆవిడ "ఖలాస్" అని మెల్లగా అని, లోపలికి తీసుకెళ్ళమంది. రెండు రోజులు ఆ చెట్టు చుట్టూ తిరిగి పిట్ట వెళ్ళిపోయింది.

చెల్లెలు బతికింది. మూడు వారాలకి ఫోను చేస్తే, దాని గొంతు వినగానే వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. నేను చేసిన పనే దాన్ని కాపాడిందని, సిగ్గులేకుండా, గర్వపడ్డాను కూడా. ఆ సంగతి చెప్పబోతుంటే అదే అందుకుంది.

"ఆసుపత్రి కిటికీ అవతల పొద్దున్నే తీతువు అరిసేదక్కా. మన చేలగట్టు మీద ఉన్నట్టే ఉండేది. అది ఇనపడితే చాలు, ఇంకా బతికే ఉన్నాననుకునేదాన్ని."

భయమెయ్యలేదా అని అడిగాను.

"భయమెందుకు? ఎక్కడో గుడ్లు పెట్టుకునుంటాది, పాపం."

ఇప్పుడా ఇల్లు వేరేవాళ్ళది. గులకరాళ్ళు తీసేసి నేలంతా టైల్స్ పరిచారట. ఇప్పటి పిల్లలకి పిట్ట అరిస్తే దాని పేరు కావాలి, దాని వెనక భయం అక్కర్లేదు. వాళ్ళని చూస్తే ముచ్చటా వేస్తుంది, కాస్త కుళ్ళుగానూ ఉంటుంది. మామా ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆ పిట్ట మళ్ళీ వచ్చి గుడ్లు పెడుతుందని, ఖర్జూరం కింద రోజూ పళ్ళెంలో నీళ్ళు పెట్టించేది. పెట్టింది నేనే. పొద్దున్నే ఆ నీళ్ళు పోసి వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చునేదాన్ని, ఈరోజు చెప్పేద్దామనుకునేదాన్ని, ఆవిడ చెట్టు వైపే చూస్తుండేది, నేను లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయేదాన్ని.