అంజినప్ప కంప్యూటర్‌కు ఆయుధపూజ

సూళగిరిలో బస్సు దిగి, హైవే పక్క రోడ్డులో కొంచెం నడిచి, కొత్తిమీర మండీ దాటాక ఎడమకు తిరిగితే రేకుల వరండా ఉన్న ఇల్లొకటి వస్తుంది. ఎవరిని అడిగినా చూపిస్తారు. కాకపోతే కంప్యూటర్ అంజినప్ప ఇల్లు అని అడగాలి. ఉత్త అంజినప్ప అంటే ఆ వీధిలోనే ముగ్గురున్నారు. ఒకడు పందిరి కొయ్యలు బాడుగకిస్తాడు, ఒకడు తాగి పడుంటాడు, మూడోవాడి గురించి మనకెందుకు.

ఇతని తండ్రి గొర్రెలు మేపినవాడు. ఇతనూ ఎనిమిదో తరగతితో బడి మానేసి కొన్నాళ్ళు ఆ గొర్రెల వెంటే తిరిగాడు. తరవాత ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. మెషిన్ల కింద కారిన నూనె తుడవడం పని. పర్మనెంటు చేస్తాం చేస్తాం అంటూ పదేళ్ళు తుడిపించుకుని, ఒకరోజు గేటు దగ్గర కార్డు తీసుకుని ఇంటికి పంపేశారు. అంతకు ముందు ఏడాది ఆఫీసులోని పాత కంప్యూటర్లు తుక్కువాడికి వేస్తుంటే ఒకదాన్ని బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. పదేళ్ళ కొలువులో మిగిలింది అదొక్కటే. ఇప్పుడు వరండాలో ఉన్నది దాని తరవాత కొన్న రెండోది.

ఆ పక్క మనవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సంతలో కన్నడం, బస్సులో తమిళం వచ్చేస్తాయి. కానీ ఊరు తమిళనాడులోది కనక ఇంటికొచ్చే కాగితాలు తమిళంలో ఉంటాయి. పెద్దవాళ్ళలో తమిళం మాట్లాడేవాళ్ళు వందమంది దొరికితే చదివేవాళ్ళు పదిమంది దొరకరు. అంజినప్ప బస్సు బోర్డులు, గోడల మీది పోస్టర్లు కూడబలుక్కుని తమిళం చదవడం నేర్చుకున్నాడు. పట్టా, కరెంటు బిల్లు, కులం సర్టిఫికెట్, తిరుపతి దర్శనం టికెట్టు, ఏదైనా సరే తెచ్చి అతని ముందు పెడితే కంప్యూటర్‌లో చూసి, అచ్చు తీసి, ఇందులో ఏముందో తెలుగులో చెబుతాడు. ఆఫీసుల్లో జీతాలు తీసుకునేవాళ్ళు చెయ్యని పని గొర్రెలకాపరి కొడుకు వరండాలో కూర్చుని చేస్తున్నాడు. దానికి ఊరి మర్యాద ఏమిటంటే, "ఇంట్లో ఊరికే కూసోనుంటాడు, పో, చేసిస్తాడు" అనడం.

అయినా అతనికి అది చాలు. వరండాలో నలుగురు చెప్పులు విడిచి ఎదురుచూస్తూ ఉంటే, మీసం మీద చెయ్యి వేసి, "ఉండప్పా, చూస్తా ఉండాను గదా" అనడంలో ఉన్న సుఖం, నూనె తుడిచిన పదేళ్ళలో ఒక్కరోజూ చూడలేదు.

ఆ సుఖానికి పోయిన సెప్టెంబరులో గండం వచ్చింది. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఒక మాట మొదలుపెట్టింది: ఈ విండోస్ పాతబడింది, అక్టోబరు పద్నాలుగు తరవాత దీనికి కాపుదల ఉండదు, కొత్తదానికి మారండి. అంజినప్ప దాన్ని మూసేసి తన పని చూసుకునేవాడు. కానీ హైవే మీద గాజు తలుపులు, ఏసీ పెట్టి కొత్తగా సర్వీసు షాపు తెరిచిన మోహన్‌కుమార్ ఊరుకోలేదు. బీసీఏ చదివిన కుర్రాడు. నోరు మంచిది, ఆదాయం ఇంకా మంచిది కాలేదు. వచ్చినవాళ్ళందరికీ, అంజినప్ప కంప్యూటర్‌కు ఆయుసు తీరిందని, ఇక మీదట అందులో ఆధార్ నంబరు కొడితే దొంగ చేతికిచ్చినట్టేనని చెప్పడం మొదలుపెట్టాడు.

టీ అంగట్లో వరదప్ప అందరూ వినేట్టు అడిగాడు. "ఏమప్పా అంజినప్పా, నీ కంప్యూటర్‌కు ఎక్స్‌పైరీ డేట్ వచ్చేసిందంటనే?"

"అదేమన్నా జొరం మాత్రనా, ఎక్స్‌పైరీ అయ్యేదానికి?"

"మోహన్‌కుమార్ చెప్పినాడు."

"వాడు చెప్తే నీ ఎద్దుకు కూడా ఎక్స్‌పైరీ ఉంటాది. పోయి మూతి తిప్పి చూసుకో పో."

అందరూ నవ్వారు. అంజినప్పా నవ్వాడు. కానీ ఆ వారం వరండాలో చెప్పులు పలచబడ్డాయి. తలుపు ముందునుంచే కాగితాల కవరు చంకలో పెట్టుకుని, ఇటు చూడకుండా హైవే వైపు పోయినవాళ్ళను అతను లెక్కపెట్టలేదు గానీ, ఒక్కొక్కరి మొహం గుర్తుంది.

పక్క వీధి మునిలక్ష్మమ్మ మాత్రం పోయినట్టే పోయి వెనక్కి వచ్చింది. ముసలామె మనమరాలు కృష్ణగిరి కాలేజీలో చేరింది. కులం సర్టిఫికెట్ మంజూరైంది, అచ్చు తీసి శుక్రవారం ఇచ్చెయ్యాలి.

"ఆడికి పోయినాను నాయనా. ఆ గాజు తలుపు తోసేదో లాగేదో తెలీలేదు. లోపలోళ్ళు నన్ను చూసి నగతా ఉండారు. తిరుక్కోని వచ్చేసినాను."

అంజినప్ప కడుపు చల్లబడింది. "పండగ కానీ అత్తా. గురువారం పొద్దున్నే రా. కొత్త విండోస్ ఎక్కించి పెడతా. కంప్యూటర్ పెళ్ళికూతురు మాదిరి ఉంటాది."

హోసూరులో ఫోన్ల కంపెనీలో పనిచేస్తూ హాస్టల్లో ఉండే కూతురు భూమిక పండక్కి వచ్చింది. కంప్యూటర్‌ను అటూ ఇటూ చూసి, ఇది కొత్తదాన్ని మోస్తుందని చెప్పింది. ఉన్న ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బుధవారం పొద్దున, అంటే ఆయుధపూజ రోజున, మార్పు మొదలుపెట్టింది. పూజవేళకు అయిపోతుందనుకున్నారు.

అంజినప్పకు సంక్రాంతి కన్నా ఆయుధపూజ గొప్ప పండగ. ఫ్యాక్టరీలో ఆ ఒక్కరోజే సూపర్‌వైజర్ తన చేత్తో మెయిన్ స్విచ్ దించేవాడు. ఏడాదంతా అరిచిన మెషిన్లు నోరు మూసుకునేవి. వాటికి గంధం, కుంకుమ, చామంతి దండలు. కూలీల చేతికి బొరుగుల పొట్లం, లడ్డు. పూజలో పెట్టిన దాన్ని ఆ రోజు కదిలించకూడదు, ఆడించకూడదు. మరునాడు విజయదశమి పొద్దున మళ్ళీ చెయ్యి పెట్టాలి. ఇంట్లోనూ అంతే. కొడవలి, గడ్డపార, మోపెడ్, పంపుసెట్టు స్టార్టరు కడిగి వరసగా పెట్టారు. నడిమిట్లో కంప్యూటర్. దాని తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

అంజినప్ప భార్య మారెమ్మ గంధం గిన్నె పట్టుకుని నిలబడింది. "ఇంకా ఎంతసేపే?"

"అరవై అయినాది అమ్మా. నూరు కావల్ల," అంది భూమిక.

"ఇందాక కూడా అరవై అంటివి."

"ఆడనే నిలిచినాది. అది అట్లనే నిలస్తాది, మళ్ళా పోతాది."

"పన్నెండయితే రాహుకాలం పట్టుకుంటాది. ఆడతా ఉండేదానికి బొట్టెట్ల పెట్టేది? నిద్దరపోయే బిడ్డకు పెట్టొచ్చు, పరిగెత్తే బిడ్డకు పెట్టేదానికయితాదా?"

"ఆఫ్ చేయగూడదని రాసుండాది, చూడు."

"ఇంగ్లీషులో రాసుండేదానికి ఆయుధపూజంటే ఏం తెలుసు?"

తల్లి మాటకు విసుక్కుని భూమిక అరటాకులు తెస్తానని వెళ్ళింది. అంజినప్ప తెర వైపు చూశాడు. అరవై. గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు కావస్తోంది. ముందు గుమ్మడికాయ, దాని మీద కర్పూరం, చేతులు కట్టుకుని నిలబడ్డ పక్కింటివాళ్ళు. ఈ ఏడు తన బతుకుతెరువుకు పూజ తప్పితే, వచ్చేవాళ్ళు పూర్తిగా రావడం మానెయ్యరని నమ్మకమేమిటి? పదేళ్ళు చూసిన ఆ మెయిన్ స్విచ్ కూడా మనసులో మెదిలిందేమో. దాన్ని దించే చెయ్యి ఏనాడూ అతనిది కాదు. లేచి స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళి, నిదానంగా, సూపర్‌వైజర్ దించినట్టే దించాడు.

తెర నల్లబడింది. మారెమ్మ మూడు వేళ్ళతో విభూతి గీసి, నడుమ గంధం పెట్టి, కుంకుమ అద్దింది. కాయ పగిలింది.

అరటాకులతో తిరిగొచ్చిన భూమిక గుమ్మంలోనే ఆగిపోయింది. "నాయనా! ఏం చేసినావు?"

"నువ్వు బయపడొద్దు బిడ్డా. రేపు పొద్దున ఎక్కిస్తే ఆడనుంచే పోతాది. మోపెడ్ నిలిపి మళ్ళా ఎక్కేది లేదా?"

మరునాడు కాఫీ వేళకే మునిలక్ష్మమ్మ వచ్చి కూర్చుంది. విజయదశమి కదా, మంచి రోజు మొదటి పని చేయించుకుందామని మరో నలుగురు వచ్చారు. వరదప్ప పనేమీ లేకున్నా చూడ్డానికి వచ్చాడు. అంజినప్ప కళ్ళకద్దుకుని స్విచ్ వేశాడు. తెర మీద ఏదో వచ్చింది, పోయింది, మళ్ళీ నల్లగా అయింది. చాలాసేపటికి తెలిసిన బొమ్మే తెరమీదకొచ్చింది.

"పాతదే వచ్చేసినాది," అంది భూమిక నీరసంగా. "నిన్న చేసిందంతా గంగలో కలిసిపోయె. ప్రాణం పోలేదు, అంతవరకు సంతోషపడు." మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. స్విచ్ బోర్డు ముందు కుర్చీ అడ్డం వేసి, మధ్యాహ్నం షిఫ్టు ఉందని బస్సెక్కి వెళ్ళిపోయింది.

కూర్చున్నవాళ్ళు పూజ బొరుగులు తిన్నారు, మాట్లాడుకున్నారు, ఒకరిద్దరు కునికారు. ఎండ వరండా మెట్టెక్కేసరికి కొత్త విండోస్ వచ్చింది. అంతా నీలం, నున్నగా ఉంది. అంజినప్ప మౌస్ పట్టుకుని ఎప్పటిలాగే ఎడమ మూలకు పోయాడు. ఎడమ మూలలో ఏమీ లేదు. అన్నీ జరిగి నడుమకు వచ్చి కూర్చున్నాయి. అదీ ఇదీ నొక్కి ఎట్లాగో సర్టిఫికెట్ దాకా చేరాడు. అచ్చు అంటే ప్రింటర్ పలకలేదు. ఇన్నేళ్ళు పక్కనే కాపురం చేసిన ప్రింటర్ ఎవరో తనకు తెలియదన్నట్టుంది కంప్యూటర్.

వీపు మీద ఆరుగురి చూపులు. "సర్వర్ బిజీగా ఉండాదత్తా," అన్నాడు.

మునిలక్ష్మమ్మ అతని మొహంలోకే చూసింది. "రేపు శుక్రవారం నాయనా. బిడ్డను నిలబెట్టేస్తారు. అయితాదా కాదా, నిజం చెప్పు. కాదంటే ఆ గాజు తలుపు కాడికే పోతాను. తోస్తానో లాగుతానో."

అంజినప్ప భూమికకు ఫోన్ చేశాడు. లోపల పనిలో ఫోన్లు ఉండనివ్వరు. మోగి మోగి ఆగింది. ఇక తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. ఆ పేరు ఫోన్‌లో వెతకడానికి అతని వేలికి చాలాసేపు పట్టింది. ముసలిదాని చేతిలో కవరు అప్పటికే నలిగిపోతోంది. నొక్కాడు. చెవి సరిగా వినపడదని ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు. ఇప్పుడూ అలవాటుగా అదే నొక్కాడు.

"మోహన్‌కుమారూ, నేనప్పా, అంజినప్పను. కొత్త విండోస్ ఎక్కించినాను. ప్రింటర్ యాడుండాదో కనపడలేదు. కొంచెం చెప్పు."

అవతల గాజు తలుపు మూసిన చప్పుడైంది. "హలో?" అన్నాడు అంజినప్ప.

"మామా... నిజం చెప్పేదా? నాది ఇంకా మార్చలేదు."

"ఏంది?"

"బయం మామా. మారిస్తే అన్నీ పోతాయేమోనని రోజూ రేపు రేపంటా ఉండాను."

"మరి నాదానికి ఆయుసు తీరిందని ఊరంతా చెప్పినావే?"

"నాదానికీ అదే తేదీ మామా," అన్నాడు మోహన్‌కుమార్ చిన్నగా.

వరదప్ప తొడ చరిచి నవ్వాడు. వరండా అంతా నవ్వింది, మునిలక్ష్మమ్మతో సహా. అంజినప్ప మాత్రం నవ్వలేదు. ఆ గొంతులోని బెదురు అతనికి బాగా తెలిసిందే. వారం రోజులుగా తనలోనూ అదే ఉంది. "సరే, ఈడికి రా," అన్నాడు. "ఇద్దరం చూస్తాం."

మోహన్‌కుమార్ బండి మీద వచ్చాడు. తల దించుకుని లోపలికొచ్చి, అంజినప్ప పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒకరు నొక్కితే ఒకరు వద్దన్నారు. వెనకనుంచి వరదప్ప ఆ నీలందాన్ని నొక్కమన్నాడు. కసిరారు, తరవాత అదే నొక్కారు. ప్రింటర్‌ను కొత్తగా చేర్చుకోవాలని చివరికి తెలిసింది. మొదటి కాగితం తెల్లగా వచ్చింది. రెండోది సగంలో నలిగింది. మూడోది నిండుగా వచ్చింది. అంజినప్ప దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, తెలుగులో చెప్పి, మునిలక్ష్మమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కవరులో పెట్టుకుని, ఇద్దరి తలలూ నిమిరి వెళ్ళింది.

మోహన్‌కుమార్ లేవలేదు. "ఆదివారం నా షాపుకు వస్తావా మామా? నేనొక్కడినే నొక్కలేను."

"వస్తాలే. ముందు టీ అంగట్లో చెప్పు, నా కంప్యూటర్ బాగుండాదని."

"చెప్తాను."

"చెప్తాను కాదు. ఇప్పుడే పోదాం పా." అంజినప్ప కండువా భుజాన వేసుకుని లేచాడు.

"ఏమయ్యా, జనం కూసోనుండారు!" అని మారెమ్మ లోపలినుంచి అరిచింది.

"ఉండమను. వచ్చేస్తా," అన్నాడు, అప్పటికే బండి వెనక ఎక్కుతూ. వరదప్ప చెప్పులు వెతుక్కుని వాళ్ళ వెనకే పరిగెత్తాడు. మిగిలినవాళ్ళు కదల్లేదు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అతను తిరిగొచ్చేదాకా ఆ రేకుల కింద ఉక్కలోనే కూర్చున్నారు.