గుగ్గిలం మలాము, ఏసీ గది

ఉద్యోగం కోసం జనం నానా పాట్లూ పడి ఉంటారు. కుర్చీకి అంటుకుపోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, తనివితీరా నవ్వుకోండి. మలామును మాత్రం ఒక్క మాట అన్నారో, ఊరుకోను. అది మా అవ్వ మలాము.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురం నుంచి కన్నడ రాజధానికి వచ్చి, అక్కడ హూడి పేటలో మా చిన్నమ్మ ఇంట్లో దిగాను. ఉద్యోగాల వేటలో నెలలు గడిచిపోయాక మహదేవపురలోని ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఇదీ తప్పిపోతే వచ్చి ఎరువుల అంగట్లో కూర్చోమని నాన్న ఫోనులో తేల్చి చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే, నేను కూర్చునే చోటే చూసుకుని, ఒక సెగ్గడ్డ లేచింది.

"డాక్టరుకి చూపించుకోని రాప్పా. సందు కొననే క్లినిక్కు ఉండాది," అంది చిన్నమ్మ.

"మా అవ్వ మలాము ఉండగా డాక్టరెందుకు చిన్నమ్మా?"

"యాడుండాది మలాము? మీ అవ్వ పోయి ఎన్నేండ్లాయె!"

"నేను చేస్తా. చిన్నప్పుడు పక్కన కూచోని చూసినా కదా."

చూసిన మాట నిజమే. గుగ్గిలం, తేనెమైనం, ఆముదం కలిపి కరిగించి, పాత పంచె గుడ్డ మీద పూసి, గడ్డ మీద అంటించేది అవ్వ. ఎంత మొండి గడ్డయినా మెత్తబడి చీము కక్కాల్సిందే. మా వీధిలో సగం మంది వీపులు ఆమె చేతి చలవతోనే బాగుపడ్డాయి. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? అవును, ఉన్నవే చెప్పుకుంటున్నాను.

పాళ్ళే గుర్తులేవు. గడ్డలోని చీము లాగేది గుగ్గిలమే కదా, ఎక్కువ వేస్తే త్వరగా లాగుతుందని నా ఇంజనీరింగు బుర్ర లెక్క కట్టింది. మూలికలూ పూజ సామాన్లూ అమ్మే గ్రంథిగె అంగడి నుంచి తెచ్చిన గుగ్గిలం పొట్లం మొత్తం గిన్నెలో కుమ్మరించాను. కాస్త మాడి నల్లబడింది కూడా. చిన్నమ్మ గరిటె ముంచి చూసింది. గరిటె మళ్ళీ పైకి రాలేదు.

"ఏమప్పా ఇది? మలామా, తారా? రోడ్డేస్తారే, అట్లుండాది!"

"అదే చిన్నమ్మా, పవరు!"

"పవరంట, పవరు! నా గిన్నె పాయె. సుమ్నె, గమ్మున డాక్టరు దగ్గరికి పోయింటే అయిపోయేది."

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే అరచేయంత గుడ్డకు దాన్ని దట్టంగా పట్టించి, అంటించుకుని బయలుదేరాను. అసలే ఎండాకాలం, ఆపైన బస్సులో ఇంజను పక్క సీటు. కాసేపటికి వెచ్చగా, హాయిగా అనిపించింది. మలాము పనిచేస్తోందని మురిసిపోయాను. అది గడ్డలోకి కాదు, ప్యాంటులోకి దిగుతోందని నాకేం తెలుసు?

ఇంటర్వ్యూ గదిలో ఏసీ చలికి పళ్ళు టకటకమన్నాయి. ఎదురుగా మేనేజరు, కోలారు వైపు మనిషి. నాకు గుడ్డ తొడిగిన కుర్చీ వేశారు. అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పాను. నిజం చెప్పాలంటే, అదరగొట్టాను.

"సరే, ఇంక మీరు వెళ్ళొచ్చు," అన్నాడాయన.

లేచాను. నాతోపాటు కుర్చీ కూడా లేచింది. ఠక్కున కూర్చున్నాను. బస్సు వేడికి కరిగిన గుగ్గిలం ఏసీ చల్లదనానికి రాయిలా గట్టిపడిపోయింది!

"ఏమైనా అడగాలా?"

"మీ కంపెనీ గురించి వినాలనుంది సార్."

ఆయన సంబరంగా చెప్పాడు. క్యాంటీను గురించి అడిగాను, చెప్పాడు. కంపెనీ బస్సుల గురించి అడిగాను, చెప్పాడు. చివరికి ఆయన దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు.

"నాకు భోజనం టైమైంది," అన్నాడు గడియారం చూసుకుంటూ.

"మీరు వెళ్ళి రండి సార్. నేనిక్కడే ఉంటాను."

"ఏమప్పా, ఉద్యోగం ఇస్తేగాని లేవవా?"

"ఇచ్చినా లేవలేను సార్!"

ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు వచ్చారు. ఒకరు నన్ను, ఒకరు కుర్చీని పట్టుకుని లాగారు. నా కేకకు ఆఫీసంతా లేచి నిలబడింది. ప్యాంటు చిరిగింది, గడ్డ పగిలింది, ప్రాణం హాయిగా ఉంది. చూశారా, ఎలాగైతేనేం, లాగింది కదా! మేనేజరు తన కోటు నా నడుముకు కట్టి ఇంటికి పంపాడు.

వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు నా సీటు చూపించారు. కుర్చీ మధ్యలో నల్లటి మచ్చ, దాని మీద నా ప్యాంటు ముక్క!

"ఎంత రుద్దినా పోలేదు. దీంట్లో ఇంకెవురూ కూచోము అంటుండారప్పా, నీకే," అన్నాడు మేనేజరు.

గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది. ఏ కంపెనీ మలాము ట్యూబుకు ఉందండీ అంత పట్టు? ఆ మచ్చ మీద చెయ్యి వేసి, అవ్వను తలుచుకుని, అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెన్నడూ గుగ్గిలం మలాము అంటించుకుని ఏసీ గదిలో కూర్చోను. తప్పనిసరైతే, నిలబడే మాట్లాడతాను.