మిల్లులో చాప తలుపు పెట్టె

మొన్న మా ఊళ్లో సభ పెట్టి, ఎప్పుడో పోయిన మిల్లు షావుకారు గారిని ధర్మాత్ముడనీ, నోట మాట జారని మనిషనీ తెగ పొగిడేరు. ముందు వరసలో కూర్చోబెట్టేరు కనక నేనూ చప్పట్లు కొట్టేను. ఇంటికొచ్చేక ఆ చేతుల మీద నాకే కోపం వచ్చింది. ఆయన నోట మాట జారడం నేను చూసేను. నేను బళ్లో చదువుకున్నవాణ్ణి కాను, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. చూసింది రాయడానికి ఆ చదువు చాలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకి జరిగిన సంగతి. రాజోలు నుంచి మలికిపురం వెళ్లే దారిలో ఆయనకో కొబ్బరినూనె మిల్లుండేది. అందులో ఇంజను చూసే మేస్త్రీ మా మావయ్య. మా అమ్మకి తమ్ముడు, నా భార్యకి తండ్రి. నేను ఆ మిల్లుకే వడ్రంగం పని చేసేవాణ్ణి.

ఇంజనుతో పాటు నడుమెత్తు పాత పనిముట్ల పెట్టె ఒకటి వచ్చింది. దానికి రెక్కల తలుపు కాదు. వేలెడు వెడల్పు టేకు పుల్లలు వరసగా పేర్చి, వెనక గట్టి గుడ్డకి సరేసు జిగురుతో అంటించిన తలుపు. అది జారడానికి రెండు పక్కలా గాడి. కిందికి దింపితే పెట్టె మూసుకుంటుంది, పైకి తోస్తే చాపలా వంగి పెట్టె వెనక్కి పోతుంది. అందుకే చాప తలుపు అనేవాళ్లం. లోపల ఇంజను తాలూకు స్పానర్లు పన్నెండు. ఇనప సామాను దొరకని రోజులవి, ఒక్కటి పోతే కాకినాడ వెళ్లినా దొరికేది కాదు. తాళంచెవి ఎప్పుడూ మావయ్య మొలతాడుకే ఉండేది.

ఆ శ్రావణంలో వాన వదలకుండా కురిసింది. ఒక పొద్దున్న ఇంజను తేడాగా కొట్టుకుంటోందని ఆపేరు. మావయ్య స్పానర్ల కోసం వెళ్లి తాళం తీసేడు. తలుపు కదల్లేదు. పిడి పట్టుకుని లాగేడు, మోకాలు ఆనించి లాగేడు. ఊహూఁ.

వాకిట్లో ఎండుకొబ్బరి పుట్టలు చెమ్మకి బూజు పడుతున్నాయి. షావుకారు గారు వచ్చేరు, వెనకాలే ఆయన తమ్ముడు.

"ఏవోయ్ మేస్త్రీ, పెట్టెకి దవడ పట్టేసిందా?" అన్నాడు తమ్ముడు.

"వానకి చెక్క ఉబ్బిందండి."

"ఇన్నేళ్లూ వానలు పడలేదేం? అంతర్వేదిలో ఒకడి దగ్గర మన స్పానరు లాంటిది చూసేమని చెప్పేరు నాకు. మొన్నామధ్య నువ్వక్కడికి లాంచీ బాగుచెయ్యడానికి వెళ్లేవు కదూ?"

"ఆయ్, వెళ్లేనండి."

"మరి తలుపు ఊరికే బిగిసిందంటావా, గాడిలో చీల కొట్టి బిగించేవా?"

మావయ్య షావుకారు గారి వంక చూసేడు. పదిహేడేళ్ల బట్టి తనని చూస్తున్న మనిషి, తమ్ముణ్ణి కసురుతారనుకున్నాడు కాబోలు. షావుకారు గారు కండువా సర్దుకుని, అందరూ వినేలా అన్నారు: "దొంగతనం చేసినవాడు తలుపు తెరుచుకోనిస్తాడా?"

కొబ్బరి ఏరుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

గొడ్డలి తెమ్మన్నాడు తమ్ముడు. అంతవరకూ గొంతు పెంచని మావయ్య పెట్టెకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. "వద్దండి. గొడ్డలి పడితే గాడి ముక్కలైపోద్ది. చీల ఉందో లేదో ఆ పైన ఎవరు చెప్తారండి? మా అల్లుడు తీస్తాడు. మీ అందరి ముందరా తీస్తాడు."

"మధ్యాహ్నం కూత కూసేలోపు," అన్నారు షావుకారు గారు. పక్కనున్న బియ్యం మిల్లు రోజూ పన్నెండింటికి కూసేది.

నిజానికి తేలిక దారి వేరే ఉంది. వెనక చెక్క మేకులు ఊడదీస్తే తలుపు తోవ అంతా బయటపడుతుంది. పెట్టెని గోడ నుంచి జరపబోతే తమ్ముడు అడ్డుపడ్డాడు. "వెనక నుంచి తీసే చేత్తోనే పోయిన స్పానరు లోపల పెట్టెయ్యొచ్చు. ముందు నుంచే కానియ్యి." మేం దొంగలమని తేల్చుకున్నాక మా పనికి దారి కూడా వాళ్లే గీసేరు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిడి పట్టి లాగకూడదు, గుడ్డ చిరిగి పుల్లలు ఊడిపోతాయి. కొబ్బరి చిప్పల నిప్పులు ఇనప మూకుట్లో పోసి తెప్పించి, గాడులకి జానెడు దూరంలో పట్టి చెక్క వెచ్చబడేదాకా పైకీ కిందికీ తిప్పేను. చెమ్మ కొంత వదిలింది. నిప్పులు దూరంగా పంపించి, కోడి ఈకతో కిరసనాయిలు చుక్క చుక్కగా గాడిలోకి దింపేను. కొయ్య సుత్తితో అంచు వెంబడి తట్టేను. తలుపు పలకలేదు.

"మావా అల్లుళ్లు పెట్టెకి పురుడు పోస్తున్నారే," అంది కొబ్బరి ఏరే ముసలమ్మ. నవ్వించి నలుగురి మనసూ తేలిక చేద్దామని ఆవిడ పాట్లు. ఒక్కరూ నవ్వలేదు.

మావయ్య నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "పన్నెండూ ఉన్నాయా?" అని గుసగుసగా అడిగేను. అడక్కుండా ఉండాల్సింది. ఆయన నా మొహంలోకి చూసేడు. చాలాకాలం ఆ చూపు నన్ను నిద్రపోనివ్వలేదు. అయినా ఆ క్షణాన నా లోపల పురుగు తొలుస్తూనే ఉంది. అంతర్వేది వెళ్లిన రోజు ఆయన సంచీ బరువుగా ఉండడం నేను చూసేను.

సన్నటి చాకు కుడి గాడిలోకి దింపి పైనుంచి గీసుకుంటూ వచ్చేను. జానెడు దిగేక టక్కుమని ఆగింది. గట్టిగా ఉంది.

"అదిగో చీల!" అని తమ్ముడు మీదికి వంగేడు.

చాకు మొన మెల్లిగా తిప్పేను. గోరంత పెళ్ల ఊడి నా అరిచేతిలో పడింది. ఇనుమూ కాదు, చెక్కా కాదు. వేళ్లతో నలిపితే జిగటగా, పచ్చగా పొడి అయింది. వాసన చూసి ముసలమ్మకి అందించేను.

"పసుపేనయ్యా," అంది ఆవిడ. "నూనెలో ముద్దకట్టిన పసుపు."

అప్పుడర్థమైంది. ప్రతి దసరాకీ పనిముట్లకి పూజ చేసేటప్పుడు షావుకారు గారు ఆ పెట్టెకి తన చేత్తోనే పసుపు రాసేవారు. పెట్టెకి గడపంటూ ఉంటే ఆ గాడులే కదా అని, సొంత మిల్లు నూనెలో పసుపు కలిపి పైనుంచి కిందిదాకా మెత్తేవారు. పైన కుంకం బొట్లు. కొబ్బరి దుమ్ము దానిమీద పడి, నూనె ముదిరి జిగురై, ఏడాది మీద ఏడాది పొర కట్టింది. దానికి ఈ వాన తోడయింది. ఆ పసుపు చీల కొట్టిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలిసింది. షావుకారు గారు వాన వంక చూస్తున్నారు.

రెండు గాడులూ గీకి, మళ్లీ కిరసనాయిలు వేసి, రెండరిచేతులూ తలుపుకి ఆనించి ఒక్క తూకంగా పైకి నెట్టేను. కిర్రుమంది. బెత్తెడు లేచింది. ఇంకోసారి నెట్టేను, బరబరమంటూ చాప వెనక్కి పోయింది.

మేకులకి స్పానర్లు వేలాడుతున్నాయి. తమ్ముడు వేలితో చూపిస్తూ లెక్కపెట్టేడు. పదకొండు. ఒక మేకు ఖాళీ.

"చూసేరా అన్నయ్యా!"

మావయ్య సంచీ బరువు నాకు గుర్తొచ్చింది. మావయ్య మాత్రం కదల్లేదు. "అడుగున గుడ్డ మూటుందండి. నేను ముట్టుకోను. షావుకారు గారే తియ్యాలి."

ఆయన వంగి తీసేరు. మావయ్య పాత తువ్వాలు, దాని నిండా గ్రీజు, లోపల పన్నెండోది. అన్నిట్లోకీ అదొక్కటే ఊరికే తుప్పు పట్టేది, అందుకని మావయ్య దాన్ని పసిబిడ్డలా చుట్టబెట్టేడు.

అప్పుడు బియ్యం మిల్లు కూసింది.

మావయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్కటైనా తగ్గిందాండి?"

"తగ్గలేదు," అన్నారు షావుకారు గారు.

"అయితే ఇందాకటి మాట వెనక్కి తీసుకోండి. నలుగురిలో అన్నారు, నలుగురిలోనే తీసుకోండి."

షావుకారు గారు గ్రీజు అంటిన వేళ్లు ఆ తువ్వాలుకే తుడుచుకున్నారు. "ఏ మాట?" అన్నారు. మావయ్య నోరు తెరిచేలోపే, "ఇంజను సంగతి చూడు మేస్త్రీ, కొబ్బరి పాడైపోతోంది," అని తమ్ముణ్ణి తీసుకుని వెళ్లిపోయేరు.

మావయ్య ఇంజను బాగుచేసేడు. సాయంత్రానికి మిల్లు తిరిగింది. నేను గాడులకి మైనం రాసి, తలుపు పట్టులా జారుతోందని చూపిద్దామని దింపబోయేను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్యి," అన్నాడు. "మూసుంటేనే కదా అనుమానం."

మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఖాళీ మేకుకి తగిలించేడు. ఆ తరవాత తొమ్మిదేళ్లు ఆ మిల్లులో పనిచేసేడు. పెట్టె పగలూ రాత్రీ తెరిచే ఉండేది. రోజూ పొద్దున్నే స్పానర్ల మీద పడ్డ కొబ్బరి దుమ్ము ఒక్కొక్కటీ తీసి తుడిచి, మళ్లీ తగిలించేవాడు. షావుకారు గారు ఆ పక్క నుంచే వెళ్తూ ఉండేవారు, ఆ తలుపెందుకు దింపడం లేదని ఒక్కనాడూ అడగలేదు. నా చేతుల్లో అంత నునుపుగా తేలిన పని మరోటి లేదు. ఆ తలుపుని మావయ్య ఒక్కసారి కూడా కిందికి దింపలేదు.