ఒకటో తారీఖు సారు బాకీలు

అప్పిచ్చినవాళ్ళు అప్పు తీసుకున్నవాణ్ణి చూసి దాక్కోవడం మీరెక్కడైనా చూశారా? మా వీధిలో చూశాం. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా అమ్మే అంటుంది. ఇది మాత్రం ఆ మిగతా సగంలోది.

ఆయన మా హైస్కూలుకి కొత్తగా వచ్చిన లెక్కల సారు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం ఆర్డరు చొక్కా జేబులో, రేకుపెట్టె నెత్తిమీద పెట్టుకుని, నేరుగా నా సైకిల్ షాపు ముందుకొచ్చి ఆగాడు. మనిషి ఎంత సన్నమంటే, ఈదురుగాలికి లేచిపోతుంటే రెండుసార్లు నేనే కాళ్ళు పట్టుకుని కిందికి లాగాను. అద్దెగది చూపించిందీ నేనే, బాకీమీద సైకిలిచ్చిందీ నేనే. ఆ సైకిలు గొప్పదనం ఇక్కడ చెప్పను, కథ పక్కదారి పడుతుంది. నేను ప్యాచీ వేసిన ట్యూబు మళ్ళీ పంక్చరైతే తప్పు మేకుదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కొత్త ఉద్యోగం కదా, సారు కాగితాలు పై ఆఫీసుకి వెళ్ళి అక్కడే కాపురం పెట్టేశాయి. జీతం రాలేదు. ఇంటావిడ అద్దె అడిగితే "ఒకటో తారీఖున ఇచ్చేస్తాను పిన్నిగారూ" అనేవాడు. కిరాణా కొట్లో "ఒకటో తారీఖున బాబాయ్", నా దగ్గర "ఒకటో తారీఖు తమ్ముడూ". ఏ నెల ఒకటో తారీఖో చెప్పేవాడు కాదు. పాపం, ఆయనకి తెలిస్తే కదా! అలా ఆయన ఒకటో తారీఖు సారైపోయాడు.

ఆయన గదిలో కిటికీ గట్టుమీద మూడు డబ్బాలుండేవి. ఒకటి అద్దెకి, ఒకటి కిరాణాకి, ఒకటి సైకిలుకి. జీతం రాగానే దేనిది దాంట్లో వేసేయాలని కడిగి, తుడిచి, మూతలు పెట్టి ఉంచాడు. రోజూ బడికి బయల్దేరేముందు ఒక్కోదాన్ని చెవి దగ్గర ఆడించి చూసేవాడు. ఖాళీ డబ్బా రాత్రికి రాత్రి పిల్లల్ని పెడుతుందనుకున్నాడో ఏమో!

ఓ సాయంత్రం కిరాణా బాబాయి కదిపాడు. "సారూ, అసలు సంగతి సరే. వడ్డీ మాటేమిటి?"

సారు మొహం సున్నం కొట్టినట్టయింది. "వడ్డీ కూడానా బాబాయ్?"

"డబ్బెవడడిగాడయ్యా! మా కవల వెధవలున్నారు చూడు, భాగహారం అంటే చాలు ఇద్దరికీ ఒకేసారి కడుపునొప్పి. బాకీ తీరేదాకా సాయంత్రంపూట కాస్త కూర్చోబెట్టు. అదే వడ్డీ."

ఈ కబురు సారుకంటే ముందు ఇంటికి చేరింది. ఇంటావిడ గుమ్మంలోనే నిలేసింది. "ఏం నాయనా, నీకు నీడనిచ్చింది వాడా, నేనా? నా మనవరాలేం పాపం చేసింది?"

ఇక నా సంగతి. నాకు చదువుతో పనిలేదు. నా తెలివిని తట్టుకోలేకే బడి నన్ను వదులుకుంది. కానీ అందరికీ వడ్డీ ఉండి నాకు లేకపోతే నలుగురిలో నా పరువేం కావాలి? ఆదివారాలు నాకు రాసిచ్చేశాడు.

చెప్పడం మాత్రం అలా ఇలా కాదు. కవలలకి సబ్బు బిళ్ళని దారంతో కోసి భిన్నాలు చెప్పాడు. బాబాయి ఆ ముక్కల్నే ముక్కకింత అని అమ్ముకున్నాడు, అది వేరే సంగతి. నాకేమో చైను చక్రం పళ్ళు లెక్కబెట్టించి నిష్పత్తి చెప్పాడు. జేబునిండా సుద్దముక్కలే. డబ్బు అడగాల్సొస్తే నత్తి వచ్చే మనిషి, పాఠం మొదలెడితే తిండి ధ్యాస కూడా ఉండేది కాదు.

సారు తొందర బాకీ గురించి మాత్రమే కాదు. ఆయనతోపాటు ట్రైనింగు చదివిన టీచరమ్మ పక్క ఊళ్ళో పనిచేస్తోంది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఆవిడ ఒకటే షరతు పెట్టింది. "అప్పులవాళ్ళు తలుపు కొడితే మా నాన్న మంచం కిందకి దూరేవాడు. బయటికెళ్ళి లేడని చెప్పే డ్యూటీ నాది. మంచం కింద మొగుడు నాకొద్దు. బాకీలన్నీ తీర్చు, మర్నాడే రిజిస్టర్ పెళ్ళి."

చివరికి ఒకటో తారీఖు వచ్చింది. పాత జీతమంతా ఒక్కసారిగా పడింది. సారు మూడు డబ్బాలూ నింపి చంకలో పెట్టుకుని వీధిలోకి దిగాడు. అప్పుడు మొదలైంది అసలు తమాషా. బాకీ తీరితే వడ్డీ ఆగిపోదూ! ఇంటావిడ ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు స్నానానికి పరిగెత్తేది. ఆ వారం ఆవిడ చేసినన్ని స్నానాలు చేపలు కూడా చేసుండవు. బాబాయి అయితే "నీ పద్దు ఎలకలు కొట్టేశాయి, అవి దొరికాక రా" అన్నాడు. సారు పాపం డబ్బాలతో తిరిగి తిరిగి ఇంకాస్త చిక్కిపోయాడు.

టీచరమ్మకి చెబితే నమ్మలేదు. "డబ్బిస్తానంటే వద్దంటున్నారా? ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా నీకు? పెళ్ళి ఇష్టం లేకపోతే చెప్పు" అని, ఆదివారం బస్సెక్కి తనే దిగింది. ఆయన్ని వెంటబెట్టుకుని తిన్నగా కిరాణా కొట్టుకి నడిచింది. సాక్ష్యానికి నేనూ వెళ్ళాను.

కొట్లో కవలలు నిలబడి ఉన్నారు. "నాన్న లేడు."

"ఎక్కడికెళ్ళారు?" అంది టీచరమ్మ.

ఒకడు "ఊరెళ్ళాడు" అన్నాడు, రెండోవాడు "నిద్రపోతున్నాడు" అన్నాడు.

వెనక గదిలో మంచం ఉంది. దాని కిందనుంచి రెండు పాదాలు, ఒక చెప్పు. టీచరమ్మ వాటివంక చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"బాబాయిగారూ, మా నాన్న పాదాలు కూడా ఇలాగే కనిపించేవి. పైకి రండి."

"రానమ్మా. వస్తే డబ్బిచ్చేస్తారు."

"ఇస్తాం. పాఠం ఆగదు, నాదీ పూచీ. ఈయనకి ఎదురుగా పిల్లలు లేకపోతే గోడకైనా చెబుతాడు, మీకు తెలీదా?"

"కావాలంటే ఒట్టు వేయనా బాబాయ్?" అన్నాడు సారు. బాబాయి బూజు దులుపుకుంటూ బయటికొచ్చాడు. అప్పటికి గుమ్మంలో చేరిన ఇంటావిడ, తడి జుట్టుతోనే చెయ్యి చాపింది.

ఇక మిగిలింది నేను. నేను దాక్కునే రకం కాదు. సరిగ్గా ఆ సమయానికి షాపు రేకుల మీద ట్యూబులు ఆరేసే పని పడింది, అంతే. టీచరమ్మ వచ్చి నిచ్చెన తీసి పక్కన పెట్టింది.

"తమ్ముడూ, ఎండ బాగుందా?"

రేకులు పెనంలా కాలుతున్నాయి. అయినా ఇంకెవడైనా అయితే దూకేసేవాడు, నేను హుందాగా బేరమాడాను. డబ్బు తీసుకున్నాకే నిచ్చెన వచ్చింది. మర్నాడు వాళ్ళ పెళ్ళికి సాక్షి సంతకం నాదే. అంత అందమైన సంతకం ఆ ఆఫీసు పుట్టి ఎరగదట.

మళ్ళీ ఆదివారం షాపు తెరిచేసరికి సారు బల్లమీద కూర్చుని ఉన్నాడు, జేబులో సుద్దముక్కలతో.

"ఇది ఏ బాకీ కింద సారూ?" అన్నాను.

"నోరు మూసుకుని నాలుగో లెక్క చెయ్యి" అన్నాడు.