మేళగాళ్ల బంతి

మొన్న విజయనగరంలో ఒక పెళ్లికి వెళ్లాను. ఈ మధ్య అందరూ నిలబడి ప్లేట్లు పట్టుకుని తినే భోజనాలే కదా, వీళ్లు మాత్రం ముచ్చటపడి అరిటాకులు పరిచారు. నా ఎదుటి వరసలో ఒక పెద్దాయన పులిహోర కలుపుకుంటుంటే కేటరింగు మేస్త్రీ వచ్చి, "కాస్త లేవాలండీ, ఇది మగపెళ్లివారి వరస" అన్నాడు. ఆయన పాపం నవ్వుతూనే లేచాడు. షుగరూ బీపీ మోకాళ్ల నొప్పులూ అన్నీ వచ్చేసిన ఈ వయసులో కూడా ఎవరినైనా ఆకు ముందు నుంచి లేపితే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మేస్త్రీని నాలుగు దులిపేసి గానీ చెయ్యి కడుక్కోలేదు. మా ఆయన చెవులు మూసుకున్నాడు. ఆయనకి తెలుసు, ఇదంతా మా మేనమావ గురించేనని.

మా మావయ్యది కోటబొమ్మాళి. చింతపండూ బెల్లం అమ్ముకునే కుటుంబం. తక్కెడ పట్టాల్సినవాడు ఫిడేలు పట్టాడని మా తాతయ్య పోయేదాకా సణుగుతూనే ఉన్నాడు. హరికథకి పిలిస్తే హరికథకి, భాగోతానికి పిలిస్తే భాగోతానికి వెళ్లేవాడు, అమ్మవారి పండగైతే పిలవకపోయినా వెళ్లేవాడు. కచేరీ విద్వాంసుల్లాగ కదలకుండా కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఫిడేలుని గుండెకి ఆనించి, జారకుండా కండువాతో కట్టుకుని, జనం మధ్య తిరుగుతూ వాయించేవాడు. పాటలు సరే, ఆ ఫిడేలు మాట్లాడేది కూడా. అత్తాకోడళ్ల దెబ్బలాట అని ఒకటి వాయించేవాడు. అత్త మంద్ర తీగ మీద గొణుగుతుంటే కోడలు పైతీగ మీద కీచుమనేది. ఎవరు గెలిచారో చెప్పకుండా చటుక్కున కమాను దించేసేవాడు. అప్పుడు నిజం అత్తలూ నిజం కోడళ్లూ మొదలుపెట్టేవారు. మా ఇంటికొస్తే వీధి చివర నుంచే నా పేరు ఫిడేలు మీద పిలిచేవాడు. నేను పలకకపోతే నా పేరే కోపంగా వాయించేవాడు. మా అమ్మ కూడా నన్ను అంత ముద్దుగా పిలవలేదు.

నా పెళ్లి పాతపట్నంలో, మా పెదనాన్న ఇంట్లో జరిగింది. పెదనాన్న అంటే మా నాన్నకి అన్నగారు, ఇంటికి పెద్ద, బట్టల కొట్టు యజమాని. ఆయన ఎదుట మా నాన్న గట్టిగా దగ్గేవాడు కూడా కాదు. ఆ రోజు నన్ను బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చింది మావయ్యే. మేనమావగా ఆ పని ముగించి, వెంటనే కండువా బిగించి ఫిడేలు అందుకుని మేళంవాళ్లలో కలిసిపోయాడు. ఎవరూ అడగలేదు, నా మీద ప్రేమ కొద్దీ వాయించాడు. మగపెళ్లివారి ముసలమ్మలు కూడా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. భోజనాల వేళ ఫిడేలు పక్కన పెట్టుకుని మొదటి బంతిలో, నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఆకులో అన్నం పడింది, పప్పు పడింది, నెయ్యి కూడా పడింది. అప్పుడొచ్చాడు పెదనాన్న. వియ్యాలవారి ముందు ఫిడేలువాడు మాకు బంధువు అని చెప్పుకోవడానికి ఆయనకి నామోషీ అనిపించింది. "లెగు, లెగు. మేళగాళ్లకి ఆఖరి బంతి," అన్నాడు. బావమరిది వరసైనవాణ్ణి, బావా అని కూడా అనలేదు. మావయ్య కలుపుతున్న ముద్ద ఆకులోనే వదిలి లేచాడు. నాన్న తల వంచుకుని తింటూనే ఉన్నాడు. కొత్త పెళ్లికూతుర్ని, నోరెత్తడానికి లేదు. కానీ ఆ ఆకుని తీసి పారేసి, అక్కడే ఇంకో ఆకు వేసి, మగపెళ్లివారి తాలూకు ఎవరినో కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత మావయ్య ఏ పెళ్లిలోనూ బంధువుల బంతిలో కూర్చోలేదు. ఆఖర్న డోలువాళ్లతో తినేవాడు. నేను ఏడిస్తే, "ఆకలేసినోడికి ఏ బంతైతే ఏటే పిల్లా! ఆఖరి బంతిలో గారెలు మెత్తగా నానిపోయుంటాయి, నాకు పళ్లు కూడా నేవు," అనేవాడు. అప్పటికి ఆయన పళ్లన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆయన ఊరుకున్నా మా అత్త ఊరుకోలేదు. "నా మొగుణ్ణి ఆకు ముందు నుంచి లేపినోణ్ణి, నా సేత్తో వడ్డించి నా సేత్తోనే లేపుతాను. సూడు, అప్పుడు గానీ నా కడుపు సల్లబడదు," అంది నాతో. నేను సరేనన్నాను. ఇద్దరం ఆ కోపాన్ని ఏళ్ల తరబడి ఆవకాయ జాడీలాగ కాపాడుకున్నాం.

కిందటి ఏడాది మావయ్య పోయాడు. ఇటు పాతపట్నం నుంచి అటు రామతీర్థం దాకా భాగోతాలవాళ్లూ హరిదాసులూ డోలువాళ్లూ తరలివచ్చారు. పన్నెండోనాటి భోజనాలకి మొదటి బంతి మొత్తం వాళ్లకేనని అత్త తేల్చి చెప్పింది. టెంటు కింద కుర్చీల్లో బంధువులు గుర్రుగా చూశారు. "పెద్దాయన్ని మాత్రం తప్పకుండా రప్పించవే," అని అత్త ముందే నాకు చెప్పింది. పెదనాన్న కొడుక్కి ఫోను చేసింది నేనే. "నాన్నకి కాస్త మరుపొచ్చిందే," అన్నాడు. తొంభైకి దగ్గరపడ్డవాడికి మరుపు రాక ఏమొస్తుందని నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా అరిటాకు మీదే ఉంది.

వచ్చాడు. అత్త ఎదురెళ్లి, పెదనాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మేళగాళ్ల మధ్య కూర్చోబెట్టింది. అన్నం తనే పెట్టింది. పప్పు వేసింది, నెయ్యి పోసింది. ఆయన ముద్ద కలిపేదాకా ఆగి, బంతంతటికీ వినిపించేలా, "లెగండి అన్నయ్యగారూ. ఇది మేళగాళ్ల బంతి. సుట్టాలకి ఆఖరి బంతి," అంది. ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆయన లేచాడు. అత్త ముఖం కేసి చూసి, తర్వాత వెనక నిలబడ్డ కొడుకుతో, "మనం తినీసేమేటిరా?" అన్నాడు. కొడుకు లేదన్నాడు. ఆయన నెయ్యి అంటిన చెయ్యి గాల్లోనే ఉంచుకుని నిలబడ్డాడు. గోడకి తగిలించిన మావయ్య ఫోటో చూసి ముఖం వికసించింది. "ఈ బాబు ఫిడేలు మా గొప్పగా వాయిస్తాడు. మా పిల్ల పెళ్లికి వాయించినాడు. భోంచేసినాడో నేదో కనుక్కోరా," అన్నాడు.

పక్కాకు ముందున్న డోలాయన తింటున్నవాడల్లా ఆగిపోయాడు. అత్త నేతి గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆఖరికి ఆ డోలాయనే పక్కకి జరిగి, "కూకోండి బాబూ," అని పెదనాన్నని మళ్లీ కూర్చోబెట్టాడు. ఆయన గారెలు రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు. అందరూ వెళ్లాక, అంట్ల మధ్య పీట మీద కూలబడి అత్త నన్నడిగింది: "ఆయనకి గేపకమే నేకపోతే, నేను లేపింది ఎవుళ్నే?"

పెదనాన్న మీద జాలిపడాలని అందరూ అంటారు గానీ నాకు జాలి రావడం లేదు. ఆ పెళ్లినాటి పాట గుర్తుంచుకుని, ఆ ముద్ద మాత్రం మర్చిపోయినందుకు ఆయన మీద నాకు ఇప్పుడు ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. కాలం మా మావయ్యని తీసుకుపోయింది, పెదనాన్న చేసిన తప్పుని ఆయన దగ్గర్నుంచి తీసుకుపోయింది, మా అత్త దగ్గరా నా దగ్గరా ఉన్నది మాత్రం ముట్టుకోకుండా వదిలేసింది.