కూర్చున్న ఎత్తు

అతను లిఫ్టులు బాగుచేసేవాడు. ఊళ్లో సగం మేడలకు అతనే దిక్కు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. లిఫ్టాయన అనే పిలిచేవారు. వారమంతా నూనె వాసన కొట్టే ఇరుకు గదుల్లో, కిటికీ లేని ఇనప పెట్టెల మధ్య గడిపేవాడు కాబట్టి కాబోలు, పైన కప్పు లేని బండి అంటే అతనికి ప్రాణం.

అలాంటిదొకటి అతనికుంది, పాతది. నేలకు అతుక్కున్నట్టు పొట్టిగా, మూతి పొడుగ్గా ఉండే ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. ముందు రెండు సీట్లు. వాటి వెనక, సీటు అనడానికి మొహమాటపడాల్సినంత చిన్న మెత్త. పైన మడిచి వెనక్కి తోసెయ్యగల గుడ్డ టాపు. పెళ్లయిన కొత్తలో కొన్నాడు. ఆ వెనక మెత్త మీదే అతని కూతురు పెరిగింది. కాళ్లు ముడుచుకుని కూర్చుని, ముందు సీట్ల సందులోంచి తల పెట్టి దారి పొడుగునా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. అందుకే పిచ్చుక అని పేరు పెట్టాడు. ఊరి బయట రేసు ట్రాక్ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా, "లోపలికి పోదాం నాన్నా" అని గోల చేసేది. "పెద్దయ్యాక" అనేవాడు.

తర్వాత భార్యాభర్తలకు పొసగలేదు. పెద్ద గొడవలేమీ కాదు. ఒకే ఇంట్లో ఇద్దరూ మాటలు పొదుపు చేసుకుంటూ వచ్చారు. చివరికి మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. అప్పటికి పిచ్చుకకు పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడలేదు.

మొదట్లో సెలవులకు వచ్చేది. రాను రాను చదువులు, స్నేహితులు, పరీక్షలు. ఆపైన ఫోన్లే మిగిలాయి. "బాగున్నావా నాన్నా", "బాగున్నానమ్మా" దగ్గర మొదలై ఆ చుట్టుపక్కలే ముగిసేవి. ఫోను పెట్టేశాక అతనికి అడగాల్సినవన్నీ వరసగా గుర్తొచ్చేవి.

ఒక ఏడాది, పాత కార్ల వాళ్ల సంఘం ఆ రేసు ట్రాక్‌ను ఒక రోజుకు మాట్లాడుకుంది. పోటీ ఏమీ లేదు. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని, పక్కన ఒకరిని ఎక్కించుకుని తోలుకోవచ్చు. షరతు ఒక్కటే: కప్పు లేని బండికి రోల్‌బారు ఉండి తీరాలి. సీట్ల వెనక కమానులా నిలబడే ఇనప గొట్టం అది. బండి తిరగబడితే మన తలల బదులు అది నేలను తాకుతుంది. ఈ కబురు విన్న పూటే లిఫ్టాయన కూతురికి ఫోన్ చేసి చెప్పాడు.

"వస్తావా?"

"ఆ గోడ వెనకకేనా?" అంది.

"ఆ గోడ వెనకకే."

"చూస్తాను నాన్నా" అంది. వస్తానని కాదు, రానని కాదు. అతనికి అది చాలు.

పాత గోదాముల వెనక, పొగ గొట్టాలు వంచి అతికించే షెడ్డు ఒకటి ఉంది. దాని యజమానిని సైలెన్సర్ అనేవారు. సగం చేసే పనిని బట్టి, సగం నోరు విప్పని తీరును బట్టి. అతను కారు చుట్టూ ఒకసారి నింపాదిగా తిరిగి వచ్చాడు.

"మెరిసేది కావాలా, పనికొచ్చేదా?"

"రెండూ కలిసి రావా?"

"రావు."

గోడకు ఆనించి తళతళలాడే గొట్టం ఒకటి ఉంది. ఫొటోలకు బాగుంటుందట; బండి తిరగబడితే మాత్రం రేకు డబ్బాలా నలిగిపోతుందట. పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి కారు నేలకు వెల్డింగు చేసేసేది. దాన్ని మళ్లీ కదిలించలేం. రెండోది బోల్టుల మీద నిలిచేది. నేల రేకు కింద మందపాటి పలకలు పెట్టి బిగిస్తే గట్టిగా ఉంటుంది, అక్కర్లేనప్పుడు విప్పుకోవచ్చు. ఏదైనా సరే, వెనక్కి వాలే ఊత గొట్టాలు ఆ చిన్న మెత్త మీదుగానే పోవాలి.

"వెనక ఎవరన్నా కూర్చుంటారా?" అన్నాడు సైలెన్సర్.

"కూర్చోరు." లిఫ్టాయన వెనక మెత్త మీద చెయ్యి వేసి, "అయినా విప్పేదే చెయ్యండి" అన్నాడు.

సైలెన్సర్ ఎందుకని అడగలేదు. మామూలు రోడ్డు మీద హెల్మెట్ లేకుండా తిరిగేటప్పుడు తల కొట్టుకునేలా వెనక ఇనుము లేకపోవడమే మేలన్నాడు. తివాచీ ఎత్తి నేల రేకును సుత్తి పిడితో తట్టి చూశాడు. రెండు చోట్ల తుప్పు మెత్తగా పలికింది. "ముందు ఇవి కోసి కొత్త రేకు వెయ్యాలి. లేకపోతే బోల్టు దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు. అతని విషయంలో అది ఉపన్యాసమే.

తర్వాత లిఫ్టాయనకు హెల్మెట్ పెట్టి సీట్లో కూర్చోబెట్టాడు. తల మీదుగా ముందు అద్దం అంచుకు ఒక పొడుగాటి కర్ర పెట్టి, వెనక చివరను గొట్టం రావాల్సిన ఎత్తుకు లేపి సరిచూశాడు. తల ఆ కర్రకు బాగా కిందుండాలి, అదే లెక్క.

"పక్కన కూర్చునేదెవరు?"

"మా అమ్మాయి."

"ఎంతుంటుంది?"

లిఫ్టాయన కారు దిగి, నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించబోయాడు. చూపించబోయి, ఛాతీ దాకా ఎత్తాడు. మళ్లీ భుజం దాకా ఎత్తాడు. అక్కడినుంచి చెయ్యి ఎటూ పోలేదు. సైలెన్సర్ తల తిప్పుకుని కర్రను గోడకు ఆనించాడు.

"కనుక్కుని చెప్పండి. నిలబడిన ఎత్తు కాదు. కూర్చున్న ఎత్తు."

ఆ సాయంత్రం వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఫోన్ చేశాడు. కూతురి ఎత్తు కూతుర్నే అడగాలంటే సిగ్గేసింది. అడిగాడు. పిచ్చుక నవ్వింది.

"కూర్చున్న ఎత్తా? అదెలా కొలుస్తారు?"

"గట్టి పీట మీద గోడకి వీపు ఆనించి కూర్చో. పీట మీంచి నడినెత్తి దాకా."

"నాకు నేనే ఎలా కొలుచుకోను? ఉండు, అమ్మని పిలుస్తా."

అతను వద్దనేలోపే ఫోను బల్లమీద పెట్టేసింది. కుర్చీ జరిపిన చప్పుడు, సొరుగు లాగిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఆవిడ గొంతు. ఎన్నేళ్లయిందో ఆ గొంతు విని.

"కదలకు. గడ్డం దించు. పెన్సిలేది?"

"నీ చేతిలోనే ఉంది కదమ్మా."

గోడ మీద పెన్సిల్ గీసిన సన్నటి రాపిడి అతనికి వినిపించింది. వినిపించిందో, వినిపించిందని అనుకున్నాడో. ఫోను చెవికి అదుముకున్నాడు. ఆవిడ కొలత చదివి, కూతురితో అంది:

"పక్క సీటు స్ప్రింగు కుంగి ఉండేది. ఈపాటికి మార్పించారో లేదో అడుగు. మార్పించకపోతే ఆ మేరకు తగ్గించుకోమను."

"విన్నావా నాన్నా?"

"విన్నాను" అన్నాడు. ఆ సీట్లో ఆవిడ తర్వాత ఎవరూ సరిగ్గా కూర్చోనేలేదు. "మార్పించలేదని చెప్పు."

పిచ్చుక చెప్పింది. సొరుగు మూసుకున్న చప్పుడైంది.

మర్నాడు కొలత చూసి సైలెన్సర్ పెదవి విరిచాడు. అమ్మాయి కూర్చుంటే తండ్రికన్నా నాలుగు వేళ్లు ఎత్తు. ఆమె తలకు సరిపోయేలా గొట్టం చేస్తే గుడ్డ టాపు మూసుకోదు. తండ్రికి సరిపోయేలా చేస్తే టాపు చక్కగా మూసుకుంటుంది, కానీ అమ్మాయి ఎక్కడానికి లేదు.

"ఆమె ఏడాదికెన్నిసార్లు వస్తుంది?"

లిఫ్టాయన స్టీరింగు మీది దుమ్ము తుడిచాడు.

"అంటే రోజూ తిరిగేది మీరొక్కరే."

"అవును."

"మరైతే పొట్టిది చేద్దామా?"

"పొడుగుదే చెయ్యండి" అన్నాడు లిఫ్టాయన. "తనొచ్చినప్పుడు బిగిస్తాను. వెళ్లాక విప్పేస్తాను."

గొట్టం తయారైంది. పైన మెత్తటి తొడుగు, నల్ల రంగు. విప్పడం, బిగించడం సైలెన్సరే దగ్గరుండి నేర్పాడు. ట్రాక్ రోజు రానే వచ్చింది. పిచ్చుక రాలేదు. ముందు రోజు ఫోన్ చేసి, చేరిన కొత్త ఉద్యోగంలో సెలవు దొరకలేదంది. గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఫర్వాలేదమ్మా" అన్నాడు. తనొక్కడే వెళ్లవచ్చు, వెళ్లలేదు. గొట్టం విప్పి మంచం కింద పెట్టాడు. రాత్రిపూట లేచినప్పుడు కాలికి తగిలేది. చోటు మార్చలేదు.

మరుసటి ఏడు సంఘం వాళ్లు మళ్లీ ట్రాక్ మాట్లాడుకున్నారు. ఈసారి పిచ్చుకే ముందుగా ఫోన్ చేసి వస్తానంది, వచ్చింది. బస్సు దిగిన పొడుగాటి మనిషిని చూసి లిఫ్టాయన ఇంకెవరో అనుకుని పక్కకు తప్పుకోబోయాడు. "నాన్నా" అంటే గానీ తెలియలేదు.

కారు దగ్గర ఆమె వెనక్కి వంగి, మెత్త మీదుగా పోయే ఊత గొట్టాలను వేలితో తడిమింది.

"నేనిక్కడే కూర్చునేదాన్ని కదా."

"విప్పేస్తే మళ్లీ సీటు సీటే" అన్నాడతను తొందరగా.

"నేను పట్టొద్దూ?" అని నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ గోడ వెనక విశేషమేమీ లేదు. తారు రోడ్డు, టైర్ల గుట్టలు, ఎండిన గడ్డి. మొదటి చుట్టు అతను తోలాడు. పిచ్చుక హెల్మెట్లోంచి ఏదో అరిచి చెబుతూనే ఉంది. గాలికి ఒక్క ముక్కా వినిపించలేదు. అతను అన్నింటికీ తల ఊపాడు. తర్వాత ఆమె తోలుతానంది. సీట్లు మారారు. కుంగిన స్ప్రింగు మీద కూర్చుని, గేరు వేస్తున్న కూతురి చేతిని చూస్తూ అతను దారి చూడటం మరిచిపోయాడు.

సాయంత్రం బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా అతను చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చి గొట్టం విప్పడానికి స్పానర్ తీశాడు. ఒక బోల్టు వదులు చేసి, మళ్లీ బిగించేశాడు. ఇంకో రెండు రోజులు ఉండనిద్దాం అనుకున్నాడు.

ఆ తర్వాత ఆమె ఎక్కువసార్లేమీ రాలేదు. ఉద్యోగం ఇంకా దూరమైంది. కానీ తనూ ఒక పాత కారు కొనుక్కుంది. అది ఎప్పుడూ ఏదో ఒక మూలుగు మూలుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు ఆదివారం ఫోన్ చేసి, "ఇదేం చప్పుడో చెప్పు నాన్నా" అని ఫోను బానెట్ దగ్గర పెడుతుంది. లిఫ్టాయన కళ్లు మూసుకుని వింటాడు. బెల్టు వదులైందనో, బేరింగు పోతోందనో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. తెలిసినా వెంటనే చెప్పడు.

"ఇంకొంచెంసేపు ఉంచమ్మా" అంటాడు.