అయ్యగారి ఇంట్లో ఒక మంచం

పాస్టర్ నతానియేలు గారు సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో కాపురమున్నన్నాళ్లూ చాప మీదే పడుకున్నారు. ఇంట్లో పడకగదులు రెండున్నాయి. ఒకటి అప్పుడే విమానం దిగిన కుర్రాళ్లకి, రెండోది పెళ్లాం పిల్లలతో వచ్చినవాళ్లకి. అయ్యగారు, అమ్మగారు సువార్తమ్మ, వాళ్ల కూతురు జెమీమా హాల్లో. అద్దె సంఘం కడుతోంది కాబట్టి ఇల్లు సంఘానిదన్నారు పెద్దలు. ఆయన ఎదురు చెప్పలేదు. దానికి మనం పెట్టుకున్న పేరు ఆతిథ్యం. నన్నడిగితే అది వెట్టి.

అయినా ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ మనసు మెత్తబడుతుంది. రెండువేల ఆరు, ఏడు సంవత్సరాలవి. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకులన్నీ కంప్యూటర్ మనుషుల కోసం ఎగబడుతున్న రోజులు. గుంటూరు నుంచో, కర్నూలు నుంచో బయల్దేరిన ప్రతివాడి జేబులోనూ అయ్యగారి నంబరు ఉండేది. లిఫ్టు దిగగానే గోంగూర పోపు వాసన. గుమ్మం బయట చెప్పుల కుప్ప. హైదరాబాదు నుంచి వచ్చిన తాహెర్‌కి గది దొరికేదాకా నమాజుకని కిటికీ పక్కన చోటిచ్చారు. అతను నమాజు చేసుకుంటున్నంతసేపూ ఈ మూల కుటుంబ ప్రార్థన గొంతు తగ్గించి చేసుకునేవారు. ఎవరికైనా ఉద్యోగం ఖాయమైందంటే ముందు ఏడ్చేది సువార్తమ్మ గారే.

ఆవిడ ఏడుపు మాత్రం వినేవాళ్లు లేరు. సంఘంలో ఏ ఆడమనిషితో చెప్పుకున్నా, ఆదివారానికల్లా అది ప్రార్థన విన్నపమై అందరి ముందుకీ వచ్చేది. "అమ్మగారికి ఓర్పు దయచేయమని ప్రార్థిద్దాం" అని ఒకసారి అన్నారు కూడా. అప్పట్నుంచి ఆవిడ నోరు కుట్టేసుకున్నారు. బీపీ మాత్రలు మొదలయ్యాయి. అయ్యగారి ఫోను మొగుడూపెళ్లాల తగాదాలతో, ఊడిన ఉద్యోగాలతో మోగుతూనే ఉండేది.

ఒక శనివారం వంటింట్లో ఆవిడ నెమ్మదిగా చెప్పారు.

"జూన్ సెలవులకి పాపని తీసుకుని రేపల్లె వెళ్తానండీ. మళ్లీ రాను."

"అదేం మాట?"

"పన్నెండేళ్ల పిల్ల. బట్టలు మార్చుకోవడానికి బాత్రూములో దూరుతోంది. మీరు అందరికీ అయ్యగారే. మాకెప్పుడండీ?"

అంతలో బెల్లు మోగింది. సంఘ పెద్ద విశ్వనాథం గారు. వెనక కొత్త దంపతులు కౌశిక్, అనన్య, పెద్ద పెద్ద సూట్‌కేసులు.

"వందనాలయ్యగారూ. మనవాళ్లే. ఒక్క నెల సర్దుకుంటారు" అంటూ విశ్వనాథం గారు తిన్నగా రెండో గదిలోకి నడిచారు. ఆ ఉదయమే ఖాళీ అయిన మంచం మీద, సరిగ్గా మధ్యలో, టిష్యూ పొట్లం ఒకటి పెట్టి ఉంది.

తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో భోజనానికి వెళ్లినవాళ్లెవరికైనా దాని అర్థం తెలుసు. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి వరుసలో నిలబడితే, ఎంత రద్దీలోనైనా ఆ చోటు జోలికి ఎవరూ రారు. దాన్నే చోప్ చేయడం అంటారు. విశ్వనాథం గారు నవ్వి, పొట్లం పక్కకి తోసి, సూట్‌కేసు మంచమెక్కించారు.

జెమీమా గుమ్మంలో నిలబడింది. "అంకుల్, ఐ చోప్ ఆల్రెడీ లా. ఆ బెడ్ నాది."

"పాస్టరుగారి పిల్లవి. అలా మాట్లాడొచ్చా తల్లీ?"

"పాస్టరు పిల్ల నేల మీదే పడుకోవాలా?"

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఎప్పటిలా ఆయన కూతుర్ని మందలిస్తారనుకున్నారు. సువార్తమ్మ గారు గరిటెతోనే గుమ్మం దాకా వచ్చారు.

ఆయన వెళ్లి సూట్‌కేసు దించారు. "విశ్వనాథం గారూ, వుడ్‌ల్యాండ్స్‌లో మీ ఇంట్లో మూడో గది ఉందిగా?"

"అది కంప్యూటర్ రూమండీ."

"కంప్యూటర్ని హాల్లో పడుకోబెట్టండి. అలవాటైపోతుంది."

అనన్య నవ్వు ఆపుకోలేకపోయింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. వచ్చినవాళ్లకి కడుపునిండా అన్నం పెట్టించి, టాక్సీ పిలిచి, సామాను తనే కిందికి మోశారు. ఆ రాత్రి జెమీమా తలుపు గడియ పెట్టుకుని పడుకుంది.

సంఘం దాన్ని ఊరికే పోనివ్వలేదు. అయ్యగారిలో ప్రేమ చల్లారిందన్నారు. ఏడాది తిరక్కుండానే పెద్దలు మరో పాస్టరుని పిలిపించుకున్నారు. పోతే పోయింది ఉద్యోగం, ముగ్గురూ కలిసే ఇండియా విమానం ఎక్కారు. ఆయనిప్పుడు బాపట్ల దగ్గర చిన్న సంఘానికి కాపరి. "ఇంట్లో ఆవిడ మళ్లీ పాటలు పాడుతోంది" అని మొన్న ఫోన్లో చెప్పారు. మిగతా సంగతులు నేనూ అడగలేదు.

ఆ మంచాల మీద పడుకుని లేచినవాళ్లంతా ఇవాళ మేనేజర్లు, సొంత ఫ్లాట్లవాళ్లు, కొందరు సంఘ పెద్దలు. మీకే చెబుతున్నాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీలో లేచి అడగండి, మన పాస్టరుకి వారంలో ఏ రోజు సెలవు అని. ఆ రోజు ఆయనకి ఫోను చేయకండి. కొత్తవాళ్లు వస్తే మీ ఇంటికి తీసుకెళ్లండి. పాస్టరమ్మ చెప్పుకునే మాట వినండి, విని మీ దగ్గరే ఉంచుకోండి. కమిటీ తల తిప్పుకుంటే వచ్చే ఆదివారం మళ్లీ అడగండి.